లాజరు ఊరుకున్న పేరు

లాజరు కాలవ మీద తూములు, షట్టర్లు చూసే లస్కరుగా చేరిన కొత్తల్లో ఎవరో రాత్రికి రాత్రి కట్ట కోసి నీళ్ళు తమ చేలోకి మళ్ళించుకున్నారు. తెల్లారేసరికి ఇరిగేషన్ ఏఈ గారు జీపులో దిగి, కోసిందెవరో చెప్పమన్నారు. చెబితే ఊళ్ళో బతకనివ్వరు. చెప్పకపోతే ఉద్యోగం ఉండదు. లాజరు చేతులు కట్టుకుని, షట్టరు కింద నురగ కక్కుతున్న నీళ్ళ వంక చూస్తూ నిలబడ్డాడు. ఏఈ గారు కాస్త ఆలోచించి, ఆ తూము కింద రైతుల పేర్లు ఒక్కొక్కటే చదవడం మొదలుపెట్టారు.

"వీరయ్యా?"

"కాదండి."

"నాంచారయ్యా?"

"కాదండి."

"కోటయ్యా?"

లాజరు మాట్లాడలేదు. ఏఈ గారు జీపెక్కి వెళ్ళిపోయారు. కోటయ్యకు జరిమానా పడింది.

అప్పటినుంచీ అదే పద్ధతి. ఉయ్యూరు దాటాక కాలవ లాకుల కిందున్న ఊళ్ళన్నిటికీ తెలుసు. లాజరు ఎవరి పేరూ నోటితో పలకడు. కానివాడి పేరు వస్తే కాదంటాడు. అయినవాడి పేరు దగ్గర ఊరుకుంటాడు. జరిమానా కట్టినవాడు కూడా "లాజరు నా పేరు చెప్పాడు" అని నిందించలేడు. చెబితే కదా! రిటైరయ్యాక కూడా జనం మానలేదు. ఎవరి గేదె నారుమడి తొక్కింది, ఎవరి కుర్రాడు మోటారు తీగ కోసుకుపోయాడు, దేనికైనా లాకుల దగ్గరికి వచ్చి, అరుగు మీద కూర్చున్న లాజరు ముందు పేర్లు చదివేవారు. పాస్టరు గారు ఒకసారి నవ్వుతూ "నీ మౌనానికున్న విలువ నా ప్రసంగానికి లేదయ్యా" అన్నారు కూడా.

వరి కోతలైపోయి చేలల్లో మినుములు మొలకలెత్తుతున్న రోజుల్లో, పాస్‌పోర్టు ఎంక్వయిరీలు చూసే కానిస్టేబులు లక్ష్మీకాంత్ బండి మీద లాకుల దగ్గర ఆగాడు. పక్క ఊరి రైతుబిడ్డే. లాజరును చిన్నప్పటినుంచీ ఎరిగినవాడే.

"ఏం లాజరు గారూ, ఎండ కాచుకుంటన్నారా?"

"రావయ్యా."

"వెంకటకృష్ణారావు గారి మనవరాలిదండి, ఉషశ్రీది. జపాన్ పంపిస్తన్నారంట నేవీవాళ్ళు. అబ్బ, ఏం చదువండీ అది! పొద్దున పెరేడు, తర్వాత ఇంజనీరింగు క్లాసు, సాయంత్రం మళ్ళీ సముద్రంలో ఈత. మనమయితే రెండో రోజుకే పారిపోయొస్తాం."

లాజరు నవ్వీ నవ్వనట్టు తల ఊపాడు. ఆ పిల్లకు ఈత నేర్పింది తనే. మనవడు డేనియల్‌నూ, రావు గారి మనవరాలినీ ఇద్దర్నీ నడుముకు తాడు కట్టి ఈ లాకుల కిందే నీళ్ళలోకి తోశాడు. ఇద్దరూ బెజవాడలో ఇంటరు కలిసే చదివారు. కేరళలో నేవీ అకాడమీ ఉందనీ, అందులో సర్కారే ఇంజనీరు చదువు చెప్పించి ఆఫీసర్ని చేస్తుందనీ ఇద్దరూ ఒకేసారి విన్నారు. గట్టు మీద ఇద్దరూ కలిసే పరుగెత్తారు. ఇంటర్వ్యూకి బెంగుళూరు ఒకే రైల్లో వెళ్ళారు. మొదటి రోజు సాయంత్రమే డేనియల్‌ను పంపించేశారు. పిల్ల చివరి దాకా నిలిచింది. ఇప్పుడు అక్కడ మూడో ఏడు. బ్యాచిలో ఒక్కరికి జపాన్‌లో అలాంటి అకాడమీలోనే ఒక టర్ము చదివి వచ్చే అవకాశం ఇస్తే అది ఈ పిల్లకే వచ్చింది.

"మీ డేనియలూ రాశాడంటగా అప్పట్లో?" లక్ష్మీకాంత్ ఫైలు తెరుస్తూ మామూలుగా అడిగాడు. "రాలేదు గదూ? ఏం చేస్తన్నాడిప్పుడు? ఆటోనగర్‌లో లారీల కింద దూరతన్నాడని ఎవరో అన్నారు."

"బీటెక్కే చదువుతున్నాడు. సెలవులకి షెడ్డుకి పోతాడు."

"అదేలెండి. ఎవడి రాత వాడిది. సరే, అమ్మాయి మంచిదేగా?"

"మంచిదే."

"ఉండేది ఈ ఊళ్ళోనేగా?"

"ఊఁ."

"ఇంకొక్కటండి. మొన్న జులైలో నీళ్ళు రావట్లేదని ఇక్కడ రోడ్డుకు అడ్డం కూర్చున్నారు గదా. షట్టరు హేండిలు పీకేసి జీపు అద్దాలు పగలగొట్టారు. కేసులో పేర్లున్నవాళ్ళు కాక 'మరికొందరు' అనుంది. ఉషశ్రీ అప్పుడు సెలవుకొచ్చి ఇంట్లోనే ఉందంట. ఆ గొడవలో ఉందా?"

లేదు. ఆ మాట లాజరు నాలుక చివరిదాకా వచ్చింది. ఆ రోజు అతను ఇదే అరుగు మీద ఉన్నాడు. రోడ్డు మీద రైతులతో కూర్చున్న వెంకటకృష్ణారావు గారికి పిల్ల స్కూటీ మీద బీపీ మాత్రలు పట్టుకుని వచ్చింది. "తాతయ్యా, నువ్వు జైలుకెళ్తే నన్ను ఇంటికి పంపించేస్తారు, లే ముందు!" అని ముసలాయన్ని చంకకింద చెయ్యేసి లేపుకుపోయింది. ఆయన ఎక్కేదాకా స్కూటీ పడిపోకుండా పట్టుకున్నది లాజరే. రాళ్ళు పడింది వాళ్ళు వెళ్ళిపోయిన చాలాసేపటికి.

కానీ నాలుక మీది మాటకు వెనకాల ఇంకో మాట అడ్డం పడింది. లారీల కింద దూరతన్నాడంట. లాజరు పెదవులు కలిశాయి. నీళ్ళ వంక చూశాడు. అతను ఊరుకున్నది ఎంతసేపో కాదు. దారిన ఒక ట్రాక్టరు మినప పొలాల వైపు తిరిగి కనుమరుగయ్యేటంత సేపు.

లక్ష్మీకాంత్ అతని మొహంలోకి చూశాడు. ఫైలు మూశాడు.

"సర్లెండి. అర్థమైంది," అని గొంతు తగ్గించి అన్నాడు. "పాపం, ఆడపిల్ల."

బండి వెళ్ళిపోయింది. పిలవచ్చు. చెయ్యెత్తినా చాలు, అద్దంలో చూసి ఆగేవాడు. లాజరు చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. 'నేనేమీ అనలేదు' అనుకున్నాడు. సాయంత్రం ఇంటికి వెళ్తూ అదే అనుకున్నాడు. అన్నం ముందు కూర్చుని అదే అనుకున్నాడు. ఏమీ అనని మాటకు ఇన్నిసార్లు సంజాయిషీ ఎందుకు చెప్పుకుంటున్నట్టో అతనికే అర్థం కాలేదు.

క్రిస్మస్ వచ్చింది, పోయింది. కొత్త సంవత్సరం ఆరాధనలో ప్రభు బల్ల దగ్గరికి వరుసలు లేస్తుంటే లాజరు బెంచీ మీదే కూర్చుండిపోయాడు.

"ఏవయ్యా, మోకాళ్ళు పట్టేసినియ్యా?" భార్య దానమ్మ పక్క వరుసలోంచి గుసగుసగా అడిగింది.

"ఊఁ," అన్నాడు. దేవుడి ఇంట్లో అబద్ధం కూడా ఒక్క అక్షరంతోనే అయిపోయింది.

జనవరి ఆఖరున ఒక ఆదివారం డేనియల్ ఇంటికొచ్చాడు. గోళ్ళ సందుల్లో షెడ్డు గ్రీజు ఇంకా పోలేదు. మొహం మాత్రం ఎప్పటిలా లేదు.

"ఉష ఫోను చేసింది నానమ్మా," అన్నాడు కంచం ముందు కూర్చుంటూ. "పాస్‌పోర్టు ఆపేశారంట. పోలీసు రిపోర్టు సరిగా రాలేదంట. జులై గొడవ కేసులో అనుమానం అని రాశారంట."

"ఆ పిల్ల మీదనా? ఎవడు చెప్పాడు?" దానమ్మ గరిటె ఆగిపోయింది.

"ఎవరో. వచ్చే నెలాఖర్లోపు సరవ్వకపోతే ఇంకో క్యాడెట్‌ను పంపిస్తారు. పోనీ జపాన్ పోతే పోయింది. కేసు అనే మాట అకాడమీ ఫైల్లో పడితే రేపు ఆఫీసరు కమిషనుకే ఎసరు. మూడేళ్ళ చదువు, ట్రైనింగు, అన్నీ పోయినట్టే."

"చెప్పినోడి నోరు పడిపోనూ! వాడి నాలుక ఊడి…"

"అన్నం పెట్టు," అన్నాడు లాజరు.

డేనియల్ తల తిప్పి తాత వంక చూశాడు. దానమ్మ తిట్టు మధ్యలో లాజరు అడ్డం రావడం ఆ ఇంట్లో ఎప్పుడూ లేదు.

"తాతా, కానిస్టేబులు నీ దగ్గరకొచ్చాడా?"

"వచ్చాడు."

"గొడవలో ఉష ఉందా?"

"లేదు."

"అతనికీ ఇదే చెప్పావా?"

లాజరు కంచం వంక చూశాడు. పప్పులో నెయ్యి కరిగి అంచుకు పాకుతోంది. బయట ఎవరి రేడియోలోనో పాట. డేనియల్ కళ్ళు తాత మొహం మీదే ఉన్నాయి. ఆ ఇంట్లో పుట్టి పెరిగినవాడు. తాత ఊరుకుంటే ఏమిటో వాడికి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

వాడు కంచంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు.

"నాకోసమా?"

లాజరు కంచం పక్కకు జరిపాడు.

"నాకోసం అని మాత్రం అనుకోకు తాతా. నన్ను బెంగుళూర్నుంచి పంపించేసిన రోజు నేను ఏడవలా. రైల్వే స్టేషన్లో ఉంటే ఫోను చేసి అదేడ్చింది. ఇప్పుడు కాలేజీలో ఎన్‌సీసీ చేసి మళ్ళీ ఆ ఇంటర్వ్యూకే వెళ్ళబోతున్నా గదా, ప్రతి ఆదివారం ఫోన్లో నాకు ప్రశ్నలేసి చంపేది ఎవరనుకున్నావ్? దానికి మాట్టాడ్డానికి వారానికి దొరికేదే కాసేపు. వాళ్ళమ్మతో మాట్టాడేది కూడా తగ్గించుకుని నాతో మాట్టాడుద్ది."

దానమ్మ ఒకసారి మొగుణ్ణీ ఒకసారి మనవణ్ణీ చూసింది. అర్థమయ్యాక గరిటె గిన్నెలో పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడే తను తిట్టిన తిట్టు తన ఇంట్లోనే పడిందని తెలిసినట్టుంది.

డేనియల్ బస్సుకి వెళ్ళిపోయాడు. లాజరు కంచం అలాగే ఉంది.

మర్నాడు పొద్దున్నే, అతను చొక్కా తొడుక్కుని గుమ్మం దిగుతుండగా ఉషశ్రీ తల్లి శివపార్వతి ఎదురొచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి.

"లాజరు గారూ, మీ దగ్గరకే వస్తన్నాను. మీరొక్కసారి నాతో స్టేషనుకి రావాలి. మా మామయ్య గారు నిన్నంతా తిరిగారు. సాక్ష్యాలు వందమంది చెప్పినా లాభం లేదంట. లాజరు లేదంటే చాలు, ఇంకెవరూ అక్కర్లేదన్నారంట."

"అక్కడికే బయల్దేరానమ్మా."

"ఆఁ?" ఆమె కళ్ళు తుడుచుకుంది. "చూశారా, మేం అడక్కముందే. మీరుండబట్టే ఇంకా ధర్మం నిలబడింది."

బస్సులో అతన్ని కిటికీ పక్కన కూర్చోబెట్టి తను పక్కన కూర్చుంది. దారి పొడుగునా మాట్లాడుతూనే ఉంది. ఉష ఈత పోటీల్లో నెగ్గిన సంగతి. జపాన్ భాష నేర్చుకుంటూ ఫోన్లో తల్లికి ఆ భాషలో దణ్ణాలు పెట్టిన సంగతి. "లాజరు తాతయ్య తాడు కట్టి తోసెయ్యకపోతే నేను నీళ్ళంటే భయపడి చచ్చేదాన్నమ్మా అంటుందండీ." లాజరు కిటికీ ఊచ పట్టుకున్నాడు. ఇప్పుడే చెప్పేద్దామనుకున్నాడు. కంకర లారీ ఒకటి మోత చేసుకుంటూ పక్కనుంచి పోయింది. అది పోయాక చెబుదామనుకున్నాడు. అది పోయింది.

స్టేషన్లో ఎస్సై గారు కుర్చీ చూపించారు. లాజరు కూర్చోలేదు. లక్ష్మీకాంత్ బల్ల పక్కన నిలబడ్డాడు.

"ఆ పిల్ల గొడవలో లేదండి," అన్నాడు లాజరు. "గొడవకు ముందే వాళ్ళ తాతను తీసుకుని వెళ్ళిపోయింది. నేను చూశాను."

శివపార్వతి చేతులు జోడించింది. ఎస్సై గారు లక్ష్మీకాంత్ వంక తిరిగారు.

"మరి నువ్వేంటయ్యా అలా రాశావు?"

లక్ష్మీకాంత్ మొహం ఎర్రబడింది. "నేను అడిగానండి. ఆయన మాట్లాడలేదు. మా వైపు ఆయన మాట్లాడకపోతే ఉన్నట్టేనండి. ఎవర్నైనా అడగండి."

"మాట్లాడకపోవడమేంటి, రాయడమేంటి! ఇదేం రూలయ్యా!" ఎస్సై గారు విసుక్కుని, మళ్ళీ లాజరు తెల్లజుట్టు చూసి మెత్తబడ్డారు. "పోనీలే. పెద్దాయన. చెవులు వినపడి ఉండవు. ప్రశ్న సరిగా వినపడలేదు, అందుకే జవాబు ఇవ్వలేదు అని రాసేద్దాం. ఎవరికీ ఇబ్బంది ఉండదు. ఏం తాతా?"

శివపార్వతి గబగబా తల ఊపింది. లక్ష్మీకాంత్ కూడా ఊపిరి వదిలాడు. గదిలో అందరూ లాజరు వంక చూస్తున్నారు. అతనిప్పుడు మాట్లాడక్కర్లేదు. ఎప్పటిలా ఊరుకుంటే చాలు, అవునని రాసుకుంటారు.

"నాకు చెవుడు లేదండి," అన్నాడు లాజరు.

ఎస్సై గారి కలం ఆగింది.

"బాగానే వినపడింది. లేదని తెలుసు. నేను ఊరుకుంటే ఇతనేమని రాసుకుంటాడో కూడా తెలుసు. తెలిసే ఊరుకున్నాను."

"ఎందుకు?"

లాజరు చెప్పాడు. అంత పొడుగు మాట అతను చాలా ఏళ్ళుగా మాట్లాడలేదు.

"మా వాడికి రాలేదండి. ఇద్దర్నీ ఒకే తాడుతో ఈత నేర్పాను. ఆ పిల్ల ఒడ్డెక్కింది, మావాడు ఎక్కలేదు. ఆ మాట ఇతను అనేటప్పటికి… ఆ పిల్ల కూడా ఆగిపోతే బాగుండుననిపించింది. అంతేనండి. ఆ కాసేపే. కానీ ఆ తర్వాత కూడా చెప్పలేదు."

ఎస్సై గారు ఇంకేమీ అడగకుండా, లక్ష్మీకాంత్ చేత కొత్తగా స్టేట్‌మెంటు రాయించి, చదివి వినిపించి, సంతకం పెట్టమన్నారు. లాజరు మూడో తరగతిలో నేర్చుకున్న అక్షరాలు ఒక్కొక్కటే దించాడు.

తిరుగు బస్సులో లాజరు పక్క సీటు ఖాళీగానే ఉంది. శివపార్వతి ముందు తలుపు దగ్గర కమ్మీ పట్టుకుని ఊరు వచ్చేదాకా నిలబడే ఉంది. దిగాక వెనక్కి చూడకుండా నడిచింది. రావు గారింటి సందు మొదట్లో ఒక్క క్షణం ఆగింది. ఏదైనా అంటుందేమోనని, అనాలని, లాజరు కూడా ఆగాడు. ఆమె చెప్పులో పడ్డ రాయి దులుపుకుని వెళ్ళిపోయింది.

సంగతి ఊళ్ళో రెండు రోజుల్లో తెలిసిపోయింది. వెంకటకృష్ణారావు ఇంటికొచ్చి తిడతాడనుకున్నాడు లాజరు. ఆయన రాలేదు. కాలవ గట్టున ఎదురుపడితే మాత్రం గొడుగు ఇటువైపు వంచుకుని వెళ్ళాడు. ఉషశ్రీ డేనియల్‌కి ఫోను చేసిందని దానమ్మ చెప్పింది. "మీ తాతను ఏమీ అనకు, పెద్దాయన" అందిట. తిట్టి ఉంటే ఆ రాత్రి నిద్ర పట్టేదేమో.

లాకుల దగ్గరికి పేర్లు చదవడానికి ఎవరూ రావడం లేదు. మినప చేలో మేకలు పడ్డాయని ఇద్దరు రైతులు అరుగు ముందే కొట్టుకున్నారు. లాజరు పక్కనే ఉన్నా, ఎవరి మేకలో అతన్ని అడగలేదు. "ఆయన్నడిగితే ఏం తెలుస్తుందిలే ఇంక" అన్నాడు వాళ్ళలో ఒకడు, వినపడాలనేం కాదు, మామూలుగానే.

ఫిబ్రవరి చివర్లో ఒక మధ్యాహ్నం లక్ష్మీకాంత్ బండి మళ్ళీ ఆగింది. ఈసారి చేతిలో ఫైలు లేదు.

"పాస్‌పోర్టు వచ్చిందండి. పిల్ల వెళ్తోంది. చెప్పి పోదామని ఆగాను."

లాజరు రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని, కాసేపటికి తీశాడు. "నీ ఉద్యోగానికి…"

"మెమో ఇచ్చారు. పోతుందిలెండి, అదేం పెద్ద సంగతి కాదు." లక్ష్మీకాంత్ బండి దిగలేదు. స్టాండు వేసి, దాని మీదే కూర్చుని, హేండిలు మీది దుమ్ము వేలితో గీస్తున్నాడు. "ఒకటి అడగనా లాజరు గారూ?"

"అడగవయ్యా."

"మా నాన్న నాంచారయ్య. కోటయ్య సంగతి జరిగిన చాన్నాళ్ళకి, నేను స్కూల్లో ఉన్నప్పుడు, కట్ట కోశాడని జరిమానా వేశారు. మీరే, పేర్లు చదివితే ఆయన పేరు దగ్గర ఊరుకున్నారు. నేను కొయ్యలేదురా అని పోయేదాకా చెబుతానే ఉన్నాడండి మా నాన్న. మా అమ్మ నమ్మలా. నేనూ నమ్మలా. లాజరు ఊరుకున్నాడంటే ఇంకేముంది అనుకున్నాం. ఇంట్లో అన్నం పెడుతూ కూడా మా అమ్మ ఎత్తిపొడిచేది." దుమ్ములో గీసిన గీత చెరిపేశాడు. "ఆ రోజు కూడా మీరు… వేరే ఏదైనా మనసులో పెట్టుకునా?"

లాజరుకు ఆ తెల్లవారుజాము కళ్ళకు కట్టినట్టుంది. మోకాళ్ళ దాకా బురద, చేతిలో పార, తనను చూసి ఎటు పోవాలో తెలియక అలాగే నిలబడిపోయిన నాంచారయ్య. దండం కూడా పెట్టాడు. నారు ఎండిపోతోంది అన్నాడు. అది నిజం. ఆ మనిషి మీద లాజరుకు ఏ కోపమూ లేదు, జాలి తప్ప.

కాదు, ఆయన కొయ్యలేదు అంటే సరిపోతుంది. ఎదురుగా ఉన్నవాడి మొహం వెలుగుతుంది. ముసలామె చచ్చిపోయిన మొగుడి ఫోటో ముందు ఏడ్చి తేలికపడుతుంది. ఒక పిల్లకు చేసిన పాపానికి ఇంకొకరి ఇంట్లో పుణ్యం చేసినట్టవుతుంది. అందుకు ఊరుకుంటే చాలదు, అబద్ధమాడాలి. ఇప్పుడు ఇంకొక అబద్ధం తన లెక్కలో వేసుకుంటే ఏమవుతుంది?

"కోశాడయ్యా," అన్నాడు. "నేను చూశాను."

లక్ష్మీకాంత్ అతని మొహంలోకి చూశాడు, ఆ రోజు చూసినట్టే. కానీ ఈసారి అందులో ఏదీ దొరకనట్టు చూపు తిప్పుకున్నాడు.

"నిజంగానేనా?"

"నిజంగానే."

"ఊఁ." అతను చిన్నగా నవ్వాడు. అది వెటకారం కాదు, ఏదో బరువు దించుకున్నవాడి నవ్వు. "మీరు అలాగే అంటారులెండి. మళ్ళీ కాదంటే ముందు వేసిన జరిమానాలన్నీ తిరగతోడాలిగా. పోన్లెండి, మిమ్మల్నేం అనను. మా అమ్మకి చెబుతాను, నాన్న చెప్పిందే నిజమయ్యుంటుందని. ఇన్నాళ్ళూ మీ మాట… మాట కూడా కాదు, మీ ఊరుకోడం చూసి ఆయన్ని నమ్మలేదు."

"అబ్బాయ్, అలా చెప్పమాక. అది అబద్ధం."

"వస్తానండి."

లాజరు అరుగు దిగి బండి ముందుకు వచ్చాడు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ, ఆ తర్వాతా, అతని నోట్లోంచి ఒక్క మనిషి పేరు కూడా నేరంతో కలిసి రాలేదు.

"మీ నాన్న నాంచారయ్యే కట్ట కోశాడు," అన్నాడు. "నాంచారయ్యే. పార పట్టుకుని ఉండగా చూశాను. నారు ఎండిపోతుందని కోశాడు."

"అలాగేలెండి," అని లక్ష్మీకాంత్ మెల్లగా అతని భుజం తట్టి, బండి పక్కకు తిప్పుకుని వెళ్ళిపోయాడు.